మూడు ఆకులు, ఒక నల్ల మచ్చ

చార్వీ, ఆ ఫోన్ కాసేపు పక్కన పెట్టి కళ్ళు తుడుచుకో. ఫోన్లో ఆ కొత్త ఆట, నువ్వు చేరగానే, "నువ్వెవరు?" అని అడిగింది. విల్లు పట్టేదాన్నని చటుక్కున నొక్కేశావు. అప్పటికి ఆ ఆట ఎలా ఉంటుందో నీకు తెలియనే తెలియదు. నాలుగు రోజులు ఆడాక, నీకు విల్లు నప్పదనీ, గాయాలు మాన్పే వైద్యురాలిగా ఉంటే బాగుండేదనీ తెలిసింది. మార్చుకుందామంటే ఆట కుదరదంటోంది. సరే, అది నీ ఏడుపు.

మరి శ్రేష్ఠా, నువ్వెందుకే అలా నవ్వుతున్నావు? "మేమూ అలాగే ఆడాం, అదీ అలాగే ఆడుతుంది" అంటున్నావు కదూ? ఇలా వచ్చి కూర్చో. ఈ కథ చెల్లికి కాదు, నీకే. ముందే చెబుతున్నా, ఇది నవ్వుకునే కథ కాదు.

అనగనగా ఒక అడవి. దాని పేరు తుంగలోవ. చుట్టూ నిటారు కొండలు. మధ్యలో చిన్న ఏరు. లోపలికి రావాలంటే రెండు పెద్ద బండల మధ్య ఒకటే సందు. ఆ సందు దగ్గర ఒక ముసలి ఉడుము కూర్చునేవాడు. అతని పేరు గండయ్య. ఉడుంపట్టు అని మనం ఊరికే అనం. గండయ్య ఒక మాట పట్టుకున్నాడంటే ఇక వదలడు.

తుంగలోవలో ఒక పద్ధతి ఉండేది. కొత్తగా ఎవరొచ్చినా గండయ్య ఒక పలక బండ మీద మూడు ఆకులు పరిచేవాడు. ఒకటి తునికాకు, ఒకటి మోదుగాకు, ఒకటి టేకాకు. వచ్చినవాళ్ళు వాటిలో ఒకదాన్ని ముట్టుకోవాలి. తునికాకు ముట్టుకుంటే పగలంతా కొండ మీద కూర్చుని కాపలా కాయాలి. మోదుగాకు ముట్టుకుంటే ఏట్లో చెలమలు తోడాలి. టేకాకు ముట్టుకుంటే, ప్రమాదం వచ్చినప్పుడు అందరూ దాక్కోవడానికి బొరియలు తవ్వాలి.

ఏ ఆకుకి ఏ పనో ముందుగా చెప్పకూడదు. చెబితే అందరూ తేలిక పనికే ఎగబడతారని ఎప్పటివాళ్ళో పెట్టిన పద్ధతి. ఆకు ముట్టుకున్నాకే పని చెప్పేవాళ్ళు. ఆ తరువాతే గుక్కెడు నీళ్ళు ఇచ్చేవాళ్ళు.

అంతటితో అయిపోలేదు. ముట్టుకున్న ఆకు గుర్తును నల్లజీడి రసంతో నుదుటి మీద వేసేవాళ్ళు. నల్లజీడి అంటే తెలుసు కదా? వెనకటికి బట్టలు ఉతికేవాళ్ళు ఎవరి బట్ట ఏదో తెలియడానికి దానితోనే గుర్తు పెట్టేవాళ్ళు. బట్ట చిరిగిపోతుంది గానీ ఆ నలుపు పోదు. ఒంటి మీద పడితే చర్మం భగ్గుమని మండుతుంది. ఆ మచ్చ ఇక చచ్చేదాకా ఉంటుంది.

ఒక వేసవిలో అవతలి కొండ అంటుకుంది. మూడు రోజులు మండింది. నాలుగో రోజు పొద్దున ఒక చిన్న ముళ్ళపంది ఆ సందులోంచి కుంటుకుంటూ వచ్చింది. పేరు సూదమ్మ. కాళ్ళు బొబ్బలెక్కాయి. సగం ముళ్ళు మాడిపోయాయి. వాళ్ళమ్మ ఆ మంటల్లోంచి బయటికి రాలేదు.

"తాతా, నీళ్ళు," అంది సూదమ్మ.

"ముందు ఆకు," అన్నాడు గండయ్య.

"ఆకెందుకు తాతా?"

"అడగకూడదు. ముట్టుకో."

సూదమ్మకి కళ్ళు తిరుగుతున్నాయి. మూడు ఆకుల్నీ వాసన చూసింది. కాలిపోయిన వాళ్ళ బొరియ పక్కన ఒక తునికి చెట్టు ఉండేది. రాలిన పళ్ళు వాళ్ళమ్మ ఏరి తెచ్చి పెట్టేది. తునికాకు వాసన తగలగానే ఆ పిల్లకి అమ్మ గుర్తొచ్చింది. వెంటనే ముక్కుతో దాన్ని ముట్టుకుంది.

గండయ్య నల్లజీడి కుండలో పుల్ల ముంచి నుదుటి మీద గుర్తు వేశాడు. సూదమ్మ కెవ్వుమంది.

"నీది కొండ మీద కాపలా. శత్రువు కనిపిస్తే అరవాలి," అన్నాడు గండయ్య. అప్పుడు నీళ్ళిచ్చాడు.

ముళ్ళపందులు పగలు బొరియలో పడుకుంటాయి. పొద్దు వాలాక బయటికి వస్తాయి. వాటికి దూరపు చూపు తక్కువ. ముక్కు మాత్రం గట్టిది, గోళ్ళు ఇంకా గట్టివి. సూదమ్మ పుట్టాక నడినెత్తి సూర్యుణ్ణి సరిగా చూసిందే లేదు. మర్నాడు కొండ మీద కూర్చుంటే ఎదురుగా అంతా తెల్లగా కనిపించింది. బండ ఏదో, బర్రె ఏదో తెలియలేదు. కళ్ళల్లోంచి ధారగా నీళ్ళు కారాయి. ఆకు ముట్టుకునేటప్పటికి తన కళ్ళ సంగతి తనకే తెలియదు పాపం. ఎప్పుడైనా పగలు కాపలా కాస్తే కదా తెలిసేది?

సాయంత్రం కిందికి దిగి వస్తుంటే ఒక కొండముచ్చు నేల తవ్వుతూ కనిపించాడు. అతని పేరు తోకన్న. అతనూ కొత్తవాడే, పది రోజుల ముందే వచ్చాడు. వేళ్ళ చివర్లు చీలిపోయి నెత్తురు కారుతోంది.

"ఏంటన్నా, కొండముచ్చువి నువ్వు మట్టి తవ్వుతున్నావేంటి?" అంది సూదమ్మ.

"నా తెలివి చెల్లీ, నా తెలివి!" అన్నాడు తోకన్న. "టేకాకు పెద్దగా ఉంది కదా, ఎండకి నెత్తిన పెట్టుకోవచ్చనుకుని ముట్టుకున్నా. ఇదిగో, ఇలా ఏడుస్తున్నా. చెట్టు చివరికెక్కితే నాకు మూడు కొండల అవతల కుందేలు చెవులు కూడా కనిపిస్తాయి. ఏం లాభం? పొద్దస్తమానం గోతిలో ఉంటున్నా."

"కొంచెం జరుగు," అంది సూదమ్మ.

ఆమె తవ్వడం మొదలుపెట్టింది. మట్టి తనంతట తనే జరుగుతున్నట్టు జరిగింది. చెట్టు వేళ్ళు ఎక్కడ ఉన్నాయో ముక్కుతో పసిగట్టి, పైకప్పు కూలకుండా వాటి కిందగా తవ్వింది. తోకన్న నాలుగు రోజుల్లో చేయలేని పని చీకటి పడకముందే అయిపోయింది.

తోకన్న నోరు తెరిచాడు. "చెల్లీ, మనిద్దరి గుర్తులూ తారుమారయ్యాయి!"

అంతలో వెనక నుంచి గండయ్య గొంతు వినిపించింది. "ఎవరి గుర్తు పని వాళ్ళే చెయ్యాలి. ఇంకోసారి చూశానంటే ఇద్దర్నీ సందు బయటికి పంపిస్తా."

"తాతా, నాకు పగలు కళ్ళు కనబడట్లేదు. నా ఆకు మార్చు తాతా," అంది సూదమ్మ.

"ముట్టుకున్నది నువ్వే కదా?"

"నేనే. కానీ అప్పటికి నాకేం తెలుసు?"

"అందరూ ఏమీ తెలియకే ముట్టుకుంటారు," అని గండయ్య వెళ్ళిపోయాడు.

వారం గడిచింది. ఒక మధ్యాహ్నం సూదమ్మకి దూరంగా ఎర్రగా ఏవో కదులుతున్నట్టు అనిపించింది. రేసుకుక్కలేమో అనుకుంది. రేసుకుక్కలంటే గుంపుగా వేటాడే ఎర్ర అడవి కుక్కలు. వాటికి చిక్కితే దున్నపోతు కూడా మిగలదు. సూదమ్మ బలమంతా పెట్టి అరిచింది. ముళ్ళపంది గొంతు ఎంత దూరం పోతుంది? దగ్గరున్నవాళ్ళకి మాత్రం వినిపించింది. వాళ్ళు పరిగెత్తారు. ఆ తొక్కిసలాటలో ముసలి కుందేలు పుల్లమ్మ కాలు విరిగింది. తీరా చూస్తే, గాలికి ఊగుతున్న ఎర్రటి మోదుగ పూల కొమ్మలు!

"కళ్ళు లేనిదాన్ని కాపలా పెట్టారు," అని అందరూ తిట్టారు. సూదమ్మ పుల్లమ్మ దగ్గర కూర్చుని ఏడ్చింది. పుల్లమ్మే ఆమె వీపు నిమరబోయి, ముళ్ళు చూసి చెయ్యి వెనక్కి తీసుకుని, "పోనీలేమ్మా, నీ తప్పు కాదు," అంది.

ఈసారి సూదమ్మ, తోకన్న ఇద్దరూ కలిసి గండయ్య దగ్గరికి వెళ్ళారు. అడవి పెద్దలు కూడా అక్కడే ఉన్నారు.

తోకన్న చేతులు జోడించాడు. "ఎప్పుడంటే అప్పుడు మార్చమని అడగట్లేదు తాతా. కొత్తగా వచ్చినవాళ్ళకి మొదటి పౌర్ణమి దాకా సమయం ఇవ్వండి. పని చేసి చూస్తాం. నప్పకపోతే ఒక్కసారి మార్చుకుంటాం. ఆ తరువాత జీడి మచ్చ వేయండి, చచ్చినట్టు చేస్తాం."

ముసలి కణుజు ఒకటి, అంటే పెద్ద కొమ్ముల జింక, తల ఊపింది. "మేమేమైనా మార్చుకున్నామా? మాకు లేని వెసులుబాటు నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళకి ఎందుకు?"

"ఒకరికి మారిస్తే రేపు వందమంది వచ్చి నిలబడతారు," అంది ఒక అడవిపంది.

అందరూ గండయ్య వైపు చూశారు. అతను తన నుదుటి మచ్చ చూపించాడు. అది టేకాకు గుర్తు.

"ఉడుం పిల్లగా ఉన్నప్పుడు నాకు ఏరంటే ప్రాణం," అన్నాడు. "నీళ్ళల్లో ఉంటే నాకు ఆకలి కూడా తెలిసేది కాదు. ఏటి పని ఇమ్మని అప్పటి పెద్దని మూడుసార్లు అడిగాను. ఇచ్చాడా? ఇవ్వలేదు. నలభై ఏళ్ళు మట్టి తవ్వాను. నేను బతకలేదా? మీరూ బతకండి."

చూశావా శ్రేష్ఠా? తనకి అంత నొప్పి పుట్టింది కదా, ఇంకొకరికి ఆ నొప్పి వద్దని అనుకోవచ్చు. గండయ్యకి ఆ ఆలోచనే రాలేదు. తను పడ్డాడు గనక వాళ్ళూ పడాలన్నాడు. అతని మీద నాకు ఎంత కోపమో అంత జాలి కూడా.

మూడోసారి సూదమ్మ ఒక్కతే వచ్చింది. అప్పుడే తెల్లారింది. నిద్రలేక కళ్ళు ఎర్రబడ్డాయి.

"తాతా, నాకోసం అడగట్లేదు," అంది. "నన్ను అక్కడే ఉంచు. ఎండలో మాడతాను, ఫరవాలేదు. కానీ నాకు తోడుగా చూపున్నవాళ్ళని ఒకరిని పెట్టు. నిజంగా రేసుకుక్కలు వస్తే నేను చూడలేను. నా వల్ల ఎవరో ఒకరు చచ్చిపోతారు తాతా."

గండయ్య ఆమె ముఖం వంక చూశాడు. నల్లజీడి పుండు ఇంకా మానలేదు. ఒక్క క్షణం అతని మనసు మెత్తబడింది. "సరే" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కణుజు మాట గుర్తొచ్చింది. ఇన్నేళ్ళు పట్టుకున్న మాట ఒక పిల్ల కోసం వదిలితే తన పరువేం కావాలి?

"వెళ్ళు. ఎండెక్కుతోంది," అన్నాడు.

సూదమ్మ కొండెక్కింది.

ఆ రోజే వచ్చాయి రేసుకుక్కలు. తొమ్మిది కుక్కలు. దూరంగా ఎర్రటి దుమ్ము లేచింది. సూదమ్మకి అది కనిపించింది కూడా. ఎండమావేమో అనుకుంది. మొన్నటిలా ఉత్తినే అరిస్తే మళ్ళీ ఎవరి కాలు విరుగుతుందో అని భయపడింది. గాలి అటువైపు వీస్తోంది, అందుకే వాసన తగల్లేదు. చెట్టెక్కి ఉంటే తోకన్న ఎప్పుడో చూసేవాడు. అతను బొరియలో నడుముల్లోతు మట్టిలో ఉన్నాడు.

గాలి ఇటు తిరిగింది. కుక్కల వాసన గుప్పుమంది. అప్పటికే అవి సందు దాటేశాయి.

సూదమ్మ అరిచింది. ముళ్ళన్నీ గలగలలాడించింది. అందరూ బొరియల వైపు పరిగెత్తారు. కాలు విరిగిన పుల్లమ్మ పరిగెత్తలేకపోయింది. మొదట పోయింది ఆమే.

పిల్లలంతా దగ్గరలో ఉన్న పెద్ద బొరియలోకి దూరారు. రెండు కుందేలు పిల్లలు, ఒక దుప్పి పిల్ల, గండయ్య మనవరాలు చిట్టుడుము. అది తోకన్న ఒక్కడే తవ్విన బొరియ. పాపం, వేళ్ళ కింద తవ్వాలని అతనికెలా తెలుస్తుంది? పిల్లల తొక్కిసలాటకి పైకప్పు అదిరింది. మట్టంతా వాళ్ళ మీద కూలిపోయింది.

తోకన్న పరిగెత్తుకొచ్చి చేతులతో మట్టి తోశాడు. ఎంత తోస్తే అంతా మళ్ళీ జారి పడింది. లోపల పిల్లల మూలుగులు సన్నబడుతున్నాయి.

అప్పుడు కొండ మీది నుంచి ముళ్ళ ఉండలా దొర్లుకుంటూ వచ్చింది సూదమ్మ. ఏ గుర్తు ఎవరిదని ఆగి ఆలోచించలేదు. గోళ్ళు నేలలో దిగేసింది. నాలుగు గుక్కల ఊపిరిలో పిల్లల దాకా దారి చేసింది. కుక్కలు ఇటే వస్తున్నాయి గనక వాళ్ళని వెనక్కి లాగలేదు. అవతలి వైపుకి ఇంకో దారి తవ్వి, ఒక్కొక్కరినీ ముక్కుతో బయటికి నెట్టింది.

"అన్నా, అవతల నుంచి పిల్లల్ని అందుకో! బండల మీదికి ఎక్కించు!" అని అరిచింది.

తను మాత్రం ఈవలి గుమ్మానికి వచ్చింది. వెనక్కి తిరిగి, ఉన్న నాలుగు ముళ్ళూ నిక్కించి, బొరియకి అడ్డంగా నిలబడింది. మొదటి కుక్క మూతికి ముళ్ళు దిగి కుయ్యోమంటూ వెనక్కి పడింది. రెండోది కన్ను పోగొట్టుకుంది. మంటల్లో సగం ముళ్ళు పోయిన పిల్ల ఎన్నింటిని ఆపుతుంది?

అయినా పిల్లలు బండలెక్కేదాకా ఆపింది.

దుమ్ము అణిగేసరికి కుక్కలు వెళ్ళిపోయాయి. సందు పక్క బండ పగుల్లో నక్కిన గండయ్య కాళ్ళీడ్చుకుంటూ వచ్చాడు. గుమ్మం నిండా ముళ్ళు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. వాటి మధ్య సూదమ్మ పడి ఉంది. ఇంకా ఊపిరి ఉంది.

"తాతా, పిల్లలందరూ బయటికి వచ్చారా?"

"వచ్చారమ్మా. నలుగురూ వచ్చారు. మా చిట్టి కూడా వచ్చింది."

సూదమ్మ కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "అయితే టేకాకు పని నాకు బాగానే వచ్చు కదూ తాతా?"

గండయ్య ఆమె ముఖం మీదికి వంగాడు. "నీ అంత బాగా ఎవరికీ రాదమ్మా. మార్చేస్తాను. ఇప్పుడే మార్చేస్తాను."

అతను ఏటి దగ్గరికి పరిగెత్తి ఒక ఆకు తడిపి తెచ్చాడు. సూదమ్మ నుదురు తుడిచాడు. మళ్ళీ తడిపి మళ్ళీ తుడిచాడు. నల్లజీడి పోలేదు. ఎంత తుడిచినా పోలేదు. తోకన్న వచ్చి అతని చెయ్యి పట్టుకుని, "ఇక చాలు తాతా, చెల్లి పోయింది," అని చెప్పేదాకా తుడుస్తూనే ఉన్నాడు.

ఆ మర్నాడు గండయ్య అడవి పెద్దల్ని పిలిచాడు. కొత్తవాళ్ళకి ముందు నీళ్ళు ఇస్తానన్నాడు. ఏ ఆకుకి ఏ పనో చెబుతానన్నాడు. మొదటి పౌర్ణమి దాకా ఎర్రమట్టితోనే గుర్తు పెడతానన్నాడు. నప్పనివాళ్ళు అంతలో ఒక్కసారి మార్చుకోవచ్చు. ఆ తరువాతే నల్లజీడి. తోకన్నని చెట్టెక్కి కాపలా కాయమన్నాడు.

"మాకెవరికీ ఇలాంటిది లేదే!" అని గొణిగింది కణుజు.

"మనకి లేదు గనకే వాళ్ళకి ఇస్తున్నా," అన్నాడు గండయ్య.

తోకన్న చెట్టెక్కాడు. అక్కడి నుంచి మూడు కొండల అవతల దాకా కనిపించింది. రోజూ అతని చూపు ముందుగా కూలిన బొరియ మీదే పడేది.

వానలు మొదలయ్యాక ఒక పునుగుపిల్లి పిల్ల తుంగలోవకి వచ్చింది. నీళ్ళు తాగింది. అన్నీ విని మోదుగాకు ముట్టుకుంది. గండయ్య ఎర్రమట్టి గుర్తు పెట్టాడు. నాలుగో రోజు ఆ పిల్ల వణుకుతూ వచ్చి నిలబడింది.

"తాతా, కోప్పడకు. నాకు నీళ్ళంటే భయమని అక్కడికి వెళ్ళాక తెలిసింది. ఆకు మార్చుకోవచ్చా?"

గండయ్య ఒక ఆకు తడిపాడు. నుదుటి మీద ఒక్కసారి తుడిచాడు. గుర్తు పోయింది.

"అంతేనా తాతా?" అంది ఆ పిల్ల ఆశ్చర్యంగా.

"అంతేనమ్మా," అన్నాడు గండయ్య. "ఇంత చిన్న పని."

పిల్ల గంతులేసుకుంటూ వెళ్ళిపోయింది. గండయ్య ఆ తడి ఆకుని చేతిలోనే పట్టుకుని, దాని మీది ఎర్రమట్టిని చూస్తూ, పొద్దుగూకేదాకా ఏడ్చాడు.

నీతి: కొత్తవాళ్ళు తెలియక చేసిన మొదటి ఎంపికని దిద్దుకునే అవకాశం ఇవ్వాలి, మనం పడ్డ బాధ వాళ్ళూ పడాల్సిందేనని పట్టుబట్టడం న్యాయం కాదు, పగ తీర్చుకోవడం.